ఐదు కట్టలు, ఒకే తాడు

గురువారం సాయంత్రం ఐదింటికి
పురపాలక దస్త్రాల గది తాళం నేనే తీస్తాను.
ముందు అన్సెల్ము వస్తాడు, మందుల కొట్టు మూసేసినవాడు,
వెనకే ఫిలొమేనా టీచరు.
వల తాళ్లు పేనిన కుస్తోదియు ఎప్పుడూ ఆలస్యమే,
చేతిలో కాల్చిన చెస్ట్‌నట్ల పొట్లం.
నూట పదేళ్ల కింద చచ్చిపోయిన ఆడవాళ్ల గురించి
దెబ్బలాడుకోడానికి వస్తారు ముగ్గురూ.

డెల్ఫీనా. ఎర్మెలిందా. ఓతీలియా.
పేరు తెలియని పిల్ల.
జెనొవేవా.
అందరూ సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీల వాళ్లే.
పడవ ఏ వేళకొస్తే ఆ వేళకి కూత.
రాత్రి రెండింటికి కూతేస్తే
తడారని గౌను తొడుక్కుని
చంటిదాన్ని పక్కింటి మంచంలో పడేసి
చీకట్లోకి నడిచేవాళ్లు.
ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో కూత.
నిద్రలో కూడా ఎవరి కూత వాళ్లకి తెలిసేదట.

"ఒక్కడే," అంటాడు అన్సెల్ము,
బల్ల మీద వేలితో రేవు పటం గీస్తూ.
"గాయం చూడండి. ఎడమ నుంచి కుడికి, ఒక్క వేటు.
నాలుగు దస్త్రాల్లో అక్షరం తేడా లేదు."
"గాయం సరే, ముడి చూడు,"
కుస్తోదియు జేబులోంచి తాడు తీస్తాడు.
"మూడో ఆమె మణికట్లకి పడవవాళ్ల ముడి.
ఐదో ఆమెకి గాడిదని కట్టేసే ముడి.
మనిషి అబద్ధమాడతాడు గానీ
వేళ్లు ఆడవయ్యా."
ఫిలొమేనా కళ్లద్దాలు తుడుచుకుంటుంది.
"ఎర్మెలిందా మొగుడు నెల తిరక్కుండా
ఇంకో దాన్ని తెచ్చుకున్నాడు.
అది ఏ దస్త్రంలో ఉంది?"
ఏ దస్త్రంలోనూ లేదు.
ఆవిడకి వాళ్ల అమ్మమ్మ చెప్పింది.

నేను టీ పోస్తాను. నన్నెవరూ అడగరు.
ఒక చలికాలం పట్టిక రాస్తూ చూశాను:
ఐదు నివేదికలూ రాసింది ఒక్క కానిస్టేబులే,
తిబుర్సియు అని,
ప్రతి అక్షరానికీ గాలం లాంటి తోక పెట్టేవాడు.
నీళ్లలో తేలిన నాలుగో పిల్ల కాగితంలో కూడా
ఎడమ నుంచి, అని మొదలుపెట్టి
సగంలో కొట్టేశాడు.
ఆ మాట చెప్పాను.
"కొట్టేసినా, రాశాడుగా!" అన్నాడు అన్సెల్ము.

"అసలు వీటిని కలిపి కట్టిందెవరు?"
టీచరు అడిగింది ఆ రోజే.
నేనే.
నేనొచ్చేసరికి ఒకటి దొంగతనాల్లో ఉంది,
రెండు ప్రమాదాల్లో,
ఒకటి ఫ్యాక్టరీ జీతాల చిట్టాల మధ్య,
ఇంకోటి కిటికీ ఊగకుండా చెక్కలా పెట్టారు.
అరలో చోటు లేక
ఒకే తెల్ల తాడుతో బిగించాను.
ఏ ముడి వేశానో గుర్తులేదు.
కుస్తోదియు చూసి నవ్వాడు, చెప్పలేదు.

ఒక్కడే అయితే హాయి.
వాడు ఏదో ఓడ దిగి వచ్చాడు, ఏదో ఓడెక్కి పోయాడు,
మనం కిటికీ తలుపులకి రంగులేసుకోవచ్చు.
ఐదుగురైతే
ఐదు ఇంటిపేర్లు కావాలి,
ఈ ఊళ్లో ఇంటిపేర్లు
ఇంకా గుమ్మాల మీదే ఉన్నాయి.
మూడో కట్టలో పదకొండో కాగితం,
ఓతీలియాని ఆఖరిసారి చూసిన మేస్త్రీ సాక్ష్యం.
ఆ మేస్త్రీ ఇంటిపేరూ అన్సెల్ము ఇంటిపేరూ ఒకటే.
ఇన్నేళ్లలో ఆయన ఆ కాగితం అడగలేదు.
నేనూ తియ్యలేదు.

ఏడున్నరకి లేస్తారు, ఏదీ తేలదు,
చెస్ట్‌నట్ తొక్కలు నేనే ఊడుస్తాను.

నాలుగో కట్టలో ఒక కవరుంది.
పేరు తెలియని పిల్ల జేబులో దొరికినవి:
కాస్త ఉప్పు, ఇప్పుడు లేదు.
ఒక తాళంచెవి, ఉంది.
తుప్పు కాగితంలోకి దిగి
కాగితం మీద ఇంకో తాళంచెవి అచ్చుపడింది.
గాయం గురించి, ముడి గురించి
పన్నెండేళ్లుగా వింటున్నాను.
ఆ చెవి ఏ తలుపుదని
ఒక్క గురువారం కూడా ఎవరూ వాదించలేదు.
ఇంటికెళ్లే దారిలో
పాత రేవు వీధి గుమ్మాల్లో
తాళం కన్నాలు చూస్తూ నడుస్తాను,
కొన్నింటికి ఇత్తడి రేకు కొట్టేశారు.